తిరగేసి చూసిన పుస్తకం

రేపల్లె నుంచి బాపట్ల వెళ్ళే పొద్దుటి బస్సులో డ్రైవరు వెనక మూడో వరుస, కిటికీ పక్క సీటు చౌడేశ్వరిది. రాసిచ్చిన హక్కేమీ కాదు. పదకొండేళ్ళుగా అక్కడే కూర్చుంటూ ఉంటే కండక్టర్లు మారినా సీటు మాత్రం ఆమెకే మిగులుతూ వచ్చింది. బాపట్ల దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఆమె ల్యాబ్ టెక్నీషియన్. పిల్లలు రాకముందు కంప్యూటర్లన్నీ వెలిగించడం, వాళ్ళు వెళ్ళాక ఆర్పడం, మధ్యలో ఏది మొరాయిస్తే దాని పొట్ట విప్పి చూడడం ఆమె పని. లెక్చరర్లు పాఠం చెబుతారు. పాఠం నడవకపోతే "చౌడేశ్వరి గారూ!" అని కేక వేస్తారు. పాలిటెక్నిక్ డిప్లొమా మనిషికి ఎం.టెక్‌లు 'గారు' తగిలించేది ఆ ఒక్క సందర్భంలోనే.

పుట్టింది నేత ఇంట్లో, మెట్టింది నేత ఇంట్లో. అయితే రెండిళ్ళకీ ఒక తేడా ఉంది. పుట్టింట్లో నేసేది సాదా బట్ట. లుంగీలు, పంచెలు, తువ్వాళ్ళు. మెట్టినింట్లో జాకార్డు. అంటే మగ్గం నెత్తిన ఇంకో యంత్రం కూర్చుని ఉంటుంది. దానికి వందల కొక్కేలు. ఏ కొక్కెం లేస్తే ఆ పోగు లేస్తుంది, లేచిన పోగుల వరసని బట్టి బట్ట మీద పువ్వో హంసో పడుతుంది. ఆమె భర్త హనుమాన్‌ప్రసాద్ చేతిలో పడే హంసలకి రేపల్లె నేతగాళ్ళ వీధిలోనే కాదు, అటు చీరాల దాకా పేరుంది. ఆ పేరు గురించి ఆయన ఎన్నడూ మాట్లాడడు. మనిషే మాటలు తక్కువ. మగ్గం చప్పుడు వినబడితే ఇంట్లో ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

ఆ చప్పుడు ఆగిపోయింది. కథంతా అక్కడే మొదలు.

తొమ్మిదేళ్ళ కింద నేత సంఘం వాళ్ళు ఆయన మగ్గానికి ఒక కరెంటు పెట్టె బిగించారు. కొక్కేల్ని లేపమని చెప్పేది ఆ పెట్టె. ఆ పెట్టెకి చెప్పేది కంప్యూటరు. మొన్న వానాకాలంలో పిడుగుపాటుకి కంప్యూటరు కాలిపోయింది. పెట్టె మాత్రం బతికింది. చౌడేశ్వరి కాలేజీలో తీసేసిన కంప్యూటరొకటి అడిగి తెచ్చి లినక్స్ వేసి పెట్టింది గానీ, కొత్త కంప్యూటరు ఆ పెట్టెని ఎరగనే ఎరగనంది. రెండింటి మధ్యా మాట మోసే చిన్న ప్రోగ్రాము ఒకటుండాలి, దాన్నే డ్రైవరంటారు. పెళ్ళిళ్ళ పేరయ్య లాంటిదన్నమాట. ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేయకపోతే సంబంధం కుదరదు. ఉన్న డ్రైవరు పాత కంప్యూటరుతో పాటే పోయింది. పెట్టె తయారుచేసిన కంపెనీకి ఫోన్ చేస్తే నంబరు వాడుకలో లేదంది.

సంఘం ప్రెసిడెంటు జనార్దనరావు స్వయంగా ఇంటికొచ్చాడు. మంచివాడే, కానీ సంఘం మనిషి.

"ఏం చెయ్యనమ్మాయ్? పెట్టె సంఘానిది. నడవని చోట ఉంచొద్దని పై నుంచి కాగితం వచ్చింది. ఉగాది దాకా ఆగుతాను. ఆ తర్వాత విప్పి తీసుకుపోవాల్సిందే."

"బాబాయి గారూ, పెట్టె పోతే ఈయన నేసేదేంటండి?"

"సాదా బట్ట నేసుకుంటాడు. లేదా పవర్‌లూం షెడ్డులో చేరతాడు. ఎంతమంది చేరలేదు?"

హనుమాన్‌ప్రసాద్ గోడకి ఆనుకుని నిలబడి తన చేతి గోళ్ళు చూసుకుంటున్నాడు. ఆయన్ని అలా చూసేసరికి చౌడేశ్వరికి గుండెలో కలుక్కుమంది. ఆ కలుక్కుమన్న ఊపులోనే నోరు జారింది.

"ఆ డ్రైవరేదో నేను రాస్తానండి."

అనేసింది. అన్నాక గానీ తెలియలేదు ఎంత మాట అన్నదో. డ్రైవరంటే కంప్యూటరు నడిబొడ్డున కూర్చుని పనిచేసే ప్రోగ్రాము. మామూలు ప్రోగ్రాములో తప్పుంటే అదొక్కటే చస్తుంది. డ్రైవరులో తప్పుంటే మొత్తం కంప్యూటరే బిగుసుకుపోతుంది. చౌడేశ్వరికి ప్రోగ్రాములు రాయడం కొంత తెలుసు. డ్రైవరు మాత్రం జన్మలో రాసి ఎరగదు. ఫైనలియర్ పిల్లల్ని అడిగితే వాళ్ళు ఇంటర్వ్యూల హడావిడిలో ఉన్నారు. హెచ్‌ఓడీ శ్రీకర్ సార్ని అడిగితే నవ్వి, "ఇప్పుడెవరు రాస్తారమ్మా డ్రైవర్లు! సరే, మంచి పుస్తకం చూసుకోండి" అన్నారు. ఇంటర్నెట్‌లో చూస్తే ఒకడు తూర్పంటాడు, ఇంకొకడు పడమరంటాడు. మొదటి నుంచి చెయ్యిపట్టుకుని నడిపించే పుస్తకం ఒకటి కావాలి. ఒక్కటే.

ఆ కాలేజీ లైబ్రరీలో ఒక నియమం ఉంది. బోధించని సిబ్బంది కూడా ఏడాదికి ఒక పుస్తకం కొనమని సిఫారసు చేయొచ్చు. ఆ నియమం ఉందని లైబ్రేరియన్ లూకా గారికి తప్ప ఎవరికీ తెలియదు. ఆయన ఇరవై ఆరేళ్ళుగా ఒక్క దరఖాస్తు కోసం ఎదురుచూస్తున్నారు. చౌడేశ్వరి అడగ్గానే ఆయన ముఖం చేటంత అయింది. తెనాలి పుస్తకాల ఏజెంటు రమేష్ బాబుకి కబురుపెట్టి, డ్రైవర్ల మీద మొదటి మెట్టు పుస్తకాలు మూడు తెప్పించారు. పరిశీలనకి రెండు రోజులు. ఒకటి ఉంచుకుంటే మిగతా రెండూ వెనక్కి వెళ్తాయి.

మూడూ బల్ల మీద పెట్టారు. మొదటిది దిండంత లావు, నీలం అట్ట. శ్రీకర్ సార్ అటుగా పోతూ, "ఆ! ఇదే! నేను ఎం.టెక్‌లో చదివింది" అన్నారు. చదివారో, తలకింద పెట్టుకున్నారో మనకెందుకు? రెండోది పరీక్షల పుస్తకం. ప్రశ్న, దాని కింద జవాబు, రెండు మార్కులకి ఇంత, పది మార్కులకి ఇంత. మూడోది సన్నది. కాగితం ముతక, అట్ట మీద బొమ్మ కూడా లేదు.

"మీరే చెప్పండి లూకా గారూ, ఏది తీసుకోమంటారు?"

"చీటీ తీద్దామా అమ్మా? జనవరి ఒకటిన మా గుళ్ళో బైబిలు మాటలు రాసిన వాగ్దానం చీటీలు తీస్తాం. ఏడాదంతా ఆ మాట పట్టుకుని నడుస్తాం" అని నవ్వి, "ఊరికే అన్నానులెండి. దేవుడిచ్చే మాటకి చీటీ సరిపోతుంది. పుస్తకాన్ని మాత్రం మనిషే ఎంచుకోవాలి" అన్నారు.

పరీక్షల పుస్తకాన్ని ఆమె వెంటనే పక్కన పెట్టేసింది. మగ్గానికి మార్కులు వేయరు కదా. మిగిలిన రెండింటినీ చేతుల్లోకి తీసుకుని నేత ఇంటి ఆడపడుచు ఏం చేస్తుందో అదే చేసింది. తిరగేసింది. బట్ట ఎంచాలంటే వెనకవైపు చూడాలి. పుట్టింట్లో ఉగ్గుపాలతో నేర్పిన పాఠం అది. ముందువైపుని ఎవడైనా ముస్తాబు చేస్తాడు, నేసినవాడి నిజం వెనకవైపు తెలుస్తుంది. ముడులు కనబడ్డాయా, పోగులు వేలాడాయా, వాడు పనివాడు కాదు.

లావు పుస్తకం వెనకవైపు చూస్తే అరవై పేజీల పదసూచిక. ఏ మాట ఏ పేజీలో ఉందో వరసగా, నున్నగా, అంచు కట్టినట్టు ఉంది. చౌడేశ్వరికి ముచ్చటేసింది. సన్న పుస్తకం వెనకవైపు చూస్తే చండాలం. చివరి నలభై పేజీలూ కంప్యూటరు బిగుసుకుపోయినప్పుడు తెర మీద కనబడే పిచ్చి అంకెలే. ఇలా చచ్చింది, అలా చచ్చింది అని ఒకదాని కింద ఒకటి. మొదలుపెట్టేవాడికి ఇన్ని చావులెందుకు? రాసినవాడికే సరిగ్గా రాదు కాబోలు అనుకుని మూసేసింది.

దరఖాస్తులో 'ఎంపికకు కారణం' అని ఒక గడి ఉంది. అందులో "హెచ్‌ఓడీ గారు మంచిదన్నారు" అని రాసి సంతకం పెట్టింది. తిరగేసి చూసి ఎంచుకున్న సంగతి రాయడానికి సిగ్గేసింది.

డిసెంబరు అలా పోయింది. జనవరి, ఫిబ్రవరి ఎలా పోయాయో చౌడేశ్వరినే అడగాలి. బస్సులో లావు పుస్తకం ఒళ్ళో పెట్టుకుంటే పక్కవాళ్ళు ఇంకో మనిషి కూర్చున్నాడనుకునేవారు. అందులో ప్రతి మాటా నిజమే, ప్రతి మాటా గొప్పదే. కానీ అది నేత వచ్చినవాడికి నేత గురించి చెప్పే పుస్తకం. నిలువు పోగుల పడుగు పోయడం రానివాడితో పట్టుచీర అందం గురించి మాట్లాడితే వాడేం చేస్తాడు? నూట పాతిక పేజీలు చదివాక మొదటి ప్రోగ్రాము రాసింది. ఎక్కించగానే కంప్యూటరు కొయ్యబారింది. మళ్ళీ వెలిగించి, మళ్ళీ ఎక్కించింది. మళ్ళీ అదే. తెర నిండా అంకెలు. ఎందుకు బిగుసుకుందో వెతుకుదామని ఆ నున్నటి పదసూచిక మొదటి నుంచి చివరిదాకా చూసింది. అన్నీ ఉన్నాయి గానీ తనకి కావలసిందే లేదు. ఆ పుస్తకం రాసిన పెద్దమనిషి ప్రోగ్రాములు ఎన్నడూ తప్పవు కాబోలు.

ఆమె తప్పిన ప్రతిసారీ హనుమాన్‌ప్రసాద్ చూస్తూనే ఉన్నాడు. ఒక్కమాట అనలేదు. అంటే బాగుండేది. ఫిబ్రవరి రెండో వారంలో తువ్వాలు భుజాన వేసుకుని, "తెనాలిలో బట్టల కొట్టుకి మనిషి కావాలంట. పోతున్నా" అన్నాడు. ఆమె వద్దనలేకపోయింది. ఏ ముఖం పెట్టుకుని వద్దంటుంది? రెండు నెలలుగా తను చేసిందేమిటి, కంప్యూటరుని చంపడం, లేపడం తప్ప? ఆయన పొద్దున్నే తెనాలి రైలుకి బయల్దేరుతుంటే, తలుపు దగ్గర నిలబడి, ఆయన వీధి మలుపు తిరిగాక ఏడ్చింది. మగ్గం నేసే చేతులు ఎవరో నేసిన చీరలు మడత పెట్టబోతున్నాయి. అది తన చేతకానితనమేనని ఆమె మనసుకి తట్టింది.

ఎనిమిదో రోజు ఆయన పొద్దు వాలకముందే తిరిగొచ్చేశాడు. చౌడేశ్వరి అప్పుడే కాలేజీ నుంచి వచ్చి బియ్యం కడుగుతోంది.

"ఏవండీ, తొందరగా వచ్చారేంటి?"

"మానేశా."

"ఏం జరిగిందండీ?"

ఆయన కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాడు. ఎప్పుడూ లేనిది, కోపంగా ఉన్నాడు. కోపం వస్తే తప్ప ఆయనకి మాటలు రావు.

"ఒకావిడ జాకార్డు చీర చూసింది. హంసల చీర, నేత బాగుంది. ఆవిడ తిరగేసి, వెనకంతా పోగులు వేలాడుతున్నాయి, ఇది డ్యామేజీ అంది. ఓనరేమో, అవునండి, వేరేది చూపిస్తానంటాడు. నాకు ఒళ్ళు మండింది. అమ్మా, జాకార్డంటేనే వెనక పోగులు. సాదా బట్టకి రెండు వైపులా ఒకటే. పువ్వున్న బట్టకి అలా కుదరదు. వెనక నున్నగా ఉంటే ముందు హంస ఎక్కణ్ణించి వస్తుందీ అన్నాను. ఓనరు కసిరాడు. కొట్టుకి దణ్ణం పెట్టి వచ్చేశా."

చౌడేశ్వరి చేతులు బియ్యం నీళ్ళలో అలాగే ఆగిపోయాయి.

"ఏంటే, అలా చూస్తావు? కొట్టు మానేశాననా?"

"కాదండీ." ఆమె నెత్తిన తడి చెయ్యి పెట్టుకుంది. "ఆ చీర తిరగేసినావిడ ఎవరో కాదండీ, నేనే!"

ఆయనకి అర్థం కాలేదు. కూర్చోబెట్టి అంతా చెప్పింది. రెండు పుస్తకాలు, రెండు వెనకవైపులు. సాదా బట్ట కొలతతో తను జాకార్డు సరుకుని ఎంచిన సంగతి. చావులన్నీ వెనక కుప్పపోసి పెట్టిన ఆ సన్న పుస్తకాన్ని తను చిన్నచూపు చూసిన సంగతి. "పద్నాలుగేళ్ళుగా మీ మగ్గం కిందే ఉన్నానండీ. వెనక పోగులు రోజూ చూస్తూనే ఉన్నాను. అయినా చెయ్యి మాత్రం మా నాన్న ఇంట్లో నేర్పినట్టే తిరిగింది" అంది.

హనుమాన్‌ప్రసాద్ అరుగు మీంచి లేచాడు. "అయితే ఆ పుస్తకం ఇప్పుడెక్కడుంది?" అన్నాడు.

మర్నాడు ఆదివారం. ఇద్దరూ తెనాలి రైలెక్కారు. రమేష్ బాబు కొట్లో పుస్తకాలు గుట్టలు గుట్టలుగా ఉన్నాయి. ఆయన మూడు గుట్టలు దించి, నాలుగో దాని మీద చెయ్యి పెట్టి నాలుక్కరుచుకున్నాడు.

"అయ్యో అక్కా! దాన్ని మొన్న బుధవారమే ఇంకో కాలేజీకి పరిశీలనకి ఇచ్చొచ్చాను."

"ఏ ఊళ్ళో తమ్ముడూ?"

"రేపల్లెలోనే."

సంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. వాళ్ళింటికి నాలుగు వీధుల అవతల ఉన్న పుస్తకం కోసం భార్యాభర్తలు తెనాలి వెళ్ళొచ్చారు. సోమవారం చౌడేశ్వరి సెలవు పెట్టి ఆ కాలేజీ మెట్లెక్కింది. అక్కడి లైబ్రరీలో సింధు అనే అమ్మాయి పుస్తకం తీసిచ్చి, "తీసుకెళ్ళండి ఆంటీ. దీన్ని అందరూ వద్దన్నారు. వెనకంతా ఏంటో పిచ్చిగా ఉందట" అంది. చౌడేశ్వరికి నవ్వొచ్చింది. ఆ అందరిలో మొదటిది తనే కదా.

ఉగాదికి ఇంకా నెల కూడా లేదు. సన్న పుస్తకం మొదటి పేజీలోనే, "పెట్టెతో ఇప్పుడే మాట్లాడకు. అది అక్కడ ఉందో లేదో మాత్రం అడుగు" అని ఉంది. అడిగింది. ఉన్నానంది పెట్టె. ఆ ఒక్క జవాబు తెర మీద చూసి చౌడేశ్వరి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. రెండో అడుగు వేయగానే కంప్యూటరు మళ్ళీ బిగుసుకుంది. ఈసారి ఆమె బెదరలేదు. పుస్తకాన్ని తిరగేసింది. ఇరవై రెండో చావు దగ్గర అచ్చం అవే అంకెలు. కింద రాసి ఉంది. "భయపడకు. నీ ప్రోగ్రాము తనది కాని చోట చెయ్యి పెట్టింది. ఎక్కడ పెట్టిందో పై నుంచి మూడో వరస చెబుతుంది." మూడో వరస చెప్పింది. దిద్దింది. మళ్ళీ తప్పింది, మళ్ళీ తిరగేసింది. పోగు తెగడం, అతకడం, మళ్ళీ తెగడం, మళ్ళీ అతకడం. ఆ పని ఆమెకి కొత్త కాదు. చిన్నప్పుడు వేళ్ళకి బూడిద రాసుకుని పాత పడుగు కొసలకి కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతికినమ్మాయి ఆమె. వేల పోగులున్నా విసుగు తెలిసేది కాదు. ఆ ఓపిక ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో ఇప్పుడు బయటికొచ్చింది.

ఉగాది ముందు ఆదివారం పొద్దున హనుమాన్‌ప్రసాద్ మగ్గం గుంటలో కూర్చున్నాడు. ఆమె కంప్యూటరు ముందు కూర్చుంది.

"చూడండి, ఒకటో కొక్కెం."

టక్కుమంది.

"లేచింది" అన్నాడు ఆయన. "కానీ ఒకటోది కాదే. చిట్టచివరిది లేచింది."

వరసంతా తిరగబడిందన్నమాట. అలాగే జానెడు నేసి చూస్తే హంసలన్నీ ఇటు చూడాల్సింది అటు చూస్తున్నాయి. అలిగిన హంసల్ని చూసి ఇద్దరూ కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వారు. ఆ తప్పు దిద్దడానికి అరగంట పట్టింది. దానికి పుస్తకం కూడా అక్కర్లేకపోయింది.

ఉగాది వెళ్ళిన మర్నాడు జనార్దనరావు పెట్టె విప్పేవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. వీధి మలుపులోనే ఆగిపోయాడు. మగ్గం చప్పుడు వినబడుతోంది. లోపలికొచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, పది నిమిషాలు హంసల్ని చూశాడు.

"ఎవరు చేశారమ్మాయ్? హైదరాబాదు నుంచి పిలిపించారా?"

చౌడేశ్వరి జవాబు చెప్పేలోపు మగ్గం గుంటలోంచి హనుమాన్‌ప్రసాద్ తలెత్తాడు. "మా ఆవిడ" అన్నాడు. అంతే. మళ్ళీ పోగుల మధ్యకి నాడె విసిరాడు. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఆయన నోట ఆమె విన్న పొగడ్త అదొక్కటే. అదే చాలనిపించింది ఆమెకి.

మళ్ళీ డిసెంబరొచ్చింది. చౌడేశ్వరి లైబ్రరీకి వెళ్ళి దరఖాస్తు కాగితం అడిగింది. ఈ ఏడాది ఆమె సిఫారసు ఆ సన్న పుస్తకమే, పిల్లల కోసం. తన దగ్గరున్న పుస్తకాన్ని లూకా గారికి చూపించింది. దానికి గుడ్డ అట్ట వేసి ఉంది. మగ్గం మళ్ళీ కదిలాక మొదట దిగిన జానెడు బట్ట, అటు తిరిగిన హంసలది, కోసి హనుమాన్‌ప్రసాద్ తన చేత్తో కుట్టిన అట్ట. లూకా గారు కళ్ళద్దాలు పైకి తోసుకుని పరీక్షగా చూశారు.

"బట్ట తిరగేసి కుట్టినట్టున్నారమ్మా. పోగులన్నీ పైకొచ్చాయి."

"తెలిసే కుట్టారండి" అంది చౌడేశ్వరి.

కాగితం తీసుకుని, 'ఎంపికకు కారణం' అన్న గడి దగ్గర ఈసారి ఆగలేదు. "పోగు తెగితే ఏం చేయాలో ఇందులో ఉంది" అని రాసి సంతకం పెట్టి, బస్సుకి టైమైందని లేచింది.